ఉన్నావా అంటే ఉన్నాను అనాలి

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "మూడో అంతస్తులో చిలకని పెంచుకునేవాళ్లు దాని అల్లరి కాస్త అదుపులో పెట్టుకుంటే అందరికీ బావుంటుంది." పేరు రాయలేదు గానీ మూడో అంతస్తులో చిలక ఉన్నది మా ఇంట్లోనే. దాని కింద వరసగా సలహాలు మొదలయ్యాయి. పంజరం మీద నల్లగుడ్డ కప్పితే రెండు నిమిషాల్లో నోరు మూస్తుందని ఒకాయన, మొహం మీద నీళ్లు చిలకరించమని ఒకావిడ, అరిచినప్పుడల్లా పంజరాన్ని గట్టిగా తడితే భయంతో మాట వింటుందని ఇంకొకరు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. పండక్కి అరిసెలు పంపేవాళ్లే, మా అమ్మకి బాగోలేనప్పుడు రాత్రి పదకొండింటికి కారు తీసినవాళ్లే. అందుకే అక్కడ వాదించలేదు. కానీ 'అల్లరి' అన్న ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. ఏడాదిన్నర క్రితం నేనూ అదే మాట అనేదాన్ని. ఎందుకు మానేశానో తీరిగ్గా రాయాలనిపించింది.

మా చిలక పేరు బంతి. సన్ కాన్యూర్ జాతి. వీపూ పొట్టా పసుపు, మొహం దగ్గరికొచ్చేసరికి నారింజ, రెక్కల చివర ఆకుపచ్చ, అచ్చం దసరాకి గుమ్మానికి కట్టే బంతిపూల దండలా ఉంటుంది. మా పిన్ని కొడుకు పెంచుకునేవాడు. ఉద్యోగం మీద విదేశం వెళ్తూ, "అక్కా, నీ దగ్గరైతే నాకు దిగులుండదు" అని పంజరంతో సహా మా ఇంట్లో దించి వెళ్లాడు. వచ్చిన మొదటిరోజు సాయంత్రం ఆరింటికి అది అరిచిన అరుపుకి నా చేతిలో పాలగిన్నె ఒలికిపోయింది. అరచేతిలో కూర్చునే పిట్ట, ఇల్లంతా ఖంగున మోగేంత గొంతు.

నల్లగుడ్డ సంగతి నాకు తెలుసు. మొదటి నెలలో నేనూ కప్పాను. ఆఫీసు కాల్‌లో ఉన్నాను, మేనేజరు నా మాట వినబడట్లేదంటున్నారు, టెన్షన్‌లో పాత దుప్పటి తెచ్చి పంజరం మీద పడేశాను. నిమిషంలో సద్దుమణిగింది. కాల్ అయ్యాక దుప్పటి తీసి చూస్తే పంజరం వెనకమూల ఊచలు పట్టుకుని వేలాడుతోంది. ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి సగం పిట్టలా కనబడింది. కళ్లు గుండ్రంగా, రెప్ప పడట్లేదు. నేను చెయ్యి పెడితే దగ్గరికి రాలేదు. జామకాయ ముక్క పెడితే తీసుకోలేదు. గుడ్డ పనిచేసింది, నిజమే. కానీ అది మాట విని ఊరుకోలేదు, పట్టపగలు హఠాత్తుగా చీకటి పడితే బెదిరి ఊరుకుంది. ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆరోజు కళ్లారా చూశాను.

క్యాలెండర్ మీద గీతలు

పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన మందేమీ రాయలేదు. "రెండువారాలు అది అరిచిన టైమూ, ఆ నిమిషంలో మీరేం చేస్తున్నారో రాసి తీసుకురండమ్మా" అన్నారు. దాని గురించి కదా రాయాలి, నా గురించి ఎందుకనుకున్నాను. అయినా వంటింట్లో గోడకి వేలాడే క్యాలెండర్ మీదే పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాను. పొద్దున ఆరుంపావు, కిటికీ పరదా తీశాను. ఎనిమిది, మిక్సీలో చట్నీ. ఎనిమిదిన్నర, పాప స్కూల్ వ్యాన్ ఎక్కింది. పదిన్నర, ఫోన్. పదకొండు, బట్టలు ఆరెయ్యడానికి డాబా మీదికి వెళ్లాను. పన్నెండు, ఫోన్. సాయంత్రం ఆరు, ఏమీ లేదు, ఊరికే. ఇలా.

వారం తిరిగేసరికి తీరు కనబడింది. తెల్లవారినప్పుడు, పొద్దుగూకేటప్పుడు పది పదిహేను నిమిషాలు ఖాయంగా అరుస్తుంది, దానికి నాతో పనిలేదు. మిక్సీ, ప్రెషర్ కుక్కర్, టీవీలో అరుపుల చర్చలు మొదలైతే వాటిని మించి గొంతు పెంచుతుంది. ఇవి పోగా మిగిలినవి దాదాపు అన్నీ ఒక్కలాంటివే. నేను దానికి కనబడకుండా పోయిన క్షణం. బాత్రూమ్ తలుపు వేసుకున్నప్పుడు, డాబా మెట్లెక్కినప్పుడు, పాప చెప్పులు వేసుకుని గుమ్మం దాటినప్పుడు. ఫోన్ సంగతి మొదట అర్థం కాలేదు, ఎదురుగానే కూర్చుని ఉంటానుగా. తర్వాత తట్టింది. గదిలో ఇంకెవరూ లేరు, నేను గట్టిగా మాట్లాడుతున్నాను. దాని లెక్కలో నేను దానితోనే మాట్లాడుతున్నాను. మరి అది బదులివ్వదా? ఇది నా ఊహే గానీ, ఫోన్ మాట్లాడుతూ పంజరం వైపు తిరిగి చేత్తో కాస్త ముక్కు నిమిరితే ఊరుకునేది.

అంటే అందులో ఎక్కువభాగం "ఎక్కడున్నావ్?" అనే ప్రశ్నే. ఆ ఒక్క మాట ఒంటబట్టాక అరుపు వినబడే తీరే మారిపోయింది. చెవి నొప్పి తగ్గలేదు, ఆ మాటకొస్తే ఇప్పటికీ తగ్గలేదు. కోపం మాత్రం పోయింది.

మందలో పుట్టిన గొంతు

సన్ కాన్యూర్ల సొంతూరు దక్షిణ అమెరికా ఈశాన్య కొస, గయానా, బ్రెజిల్ ఉత్తర భాగం. అక్కడ గుంపులుగా ఎగురుతాయి. చెట్ల మధ్య ఒకదానికొకటి కనబడకపోయినా గుంపు విడిపోకూడదు, అందుకని ఆ గొంతు. దూరంగా ఉన్న తోటి పిట్టకి వినబడడానికి తయారైన గొంతుని పదకొండు వందల చదరపు అడుగుల ఫ్లాటులో పెట్టుకుని 'మెల్లగా మాట్లాడు' అంటున్నాం మనం. అంతదూరం ఎందుకు, మన రామచిలకల్నే చూడండి. సాయంత్రం ఊరిచివర రావిచెట్టు మీదికి మందలు మందలుగా వచ్చి వాలేటప్పుడు, ఒక్కో కొమ్మా సర్దుకునేదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. చీకటి పడగానే ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోతుంది. దాన్ని ఎవరమూ అల్లరి అనం. చెట్టు మీద పిట్టల సందడి అంటాం. అదే గొంతు మన బాల్కనీలోకి వచ్చేసరికి పేరు మారిపోతుంది.

వెనెజువెలాలో పిడికిట్లో ఇమిడిపోయే పారట్‌లెట్ అనే బుల్లి చిలకల మీద కార్ల్ బెర్గ్ బృందం చేసిన పరిశోధన ఒకటి 2011లో వచ్చింది. గూడులో పిల్లలకింకా గొంతు రాకముందే తల్లిదండ్రులు ఒక్కో పిల్లని ఒక్కో రకం కూతతో పిలుస్తాయట, పెద్దయ్యాక ఆ పిల్లలు దాన్నే కాస్త మార్చుకుని తమ గుర్తుగా వాడుకుంటాయట. మనం పేర్లంటామే, దాదాపు అలాంటివి. ఇది పుట్టుకతో వచ్చిందా, నేర్చుకున్నదా తేల్చడానికి కొన్ని గూళ్ల మధ్య గుడ్లు మార్చి పెట్టారు. పిల్లల కూతలు కన్నవాళ్లని పోలలేదు, పెంచినవాళ్లని పోలాయి. ఇది చదివిన రాత్రి చాలాసేపు బంతి పంజరం దగ్గరే కూర్చున్నాను. ఇది ఏ గూట్లో పుట్టిందో, ఎన్నోరోజున తల్లి దగ్గర్నుంచి తీసి చెంచాతో పెంచారో నాకు తెలియదు. దాన్ని మొట్టమొదట పేరుపెట్టి పిలిచింది ఎవరు? పక్షో, మనిషో?

నేను నేర్పిన అరుపు

సందడి వేరు, పిలుపు వేరు అని ఒప్పుకున్నాక కూడా ఒక చిక్కు మిగిలింది. పిలుపు మరీ చెవులు చిల్లులుపడేలా ఎందుకు ఉండాలి? మా పిన్నికొడుకు ఇంట్లో ఇది ఇంత గొంతు చేసేది కాదని వాడు ప్రమాణం చేసి చెప్పాడు. మొదట నమ్మలేదు గానీ క్యాలెండర్ మళ్లీ చూసుకుంటే నిజం బయటపడింది.

బంతికి ఒక చిన్న కూత ఉంది. 'క్విక్' అని ముక్కులోంచి వచ్చినట్టు, కిటికీ మడతబందు కిర్రుమన్నట్టు ఉంటుంది. మొదట అదే కూసేది. నేను వంటింట్లో ఉండేదాన్ని, పలికేదాన్ని కాదు, వినబడినా పట్టించుకునేదాన్ని కాదు. రెండుమూడు సార్లు కూసి, జవాబు రాకపోతే కాస్త పెంచేది. అప్పటికీ రాకపోతే గొంతు చించుకునేది. అప్పుడు నేను పరిగెత్తుకొచ్చి "ఏయ్, ఆపు!" అని పంజరం ముందు నిలబడేదాన్ని. దానికి కావలసింది నేను రావడమే కదా, వచ్చాను. తిట్టానని నాకు తెలుసు గానీ దానికి తెలిసింది ఒకటే, చిన్నగా పిలిస్తే ఈమె పలకదు, గట్టిగా అరిస్తే వస్తుంది. నెలల తరబడి రోజుకి పదిసార్లు ఆ పాఠం నేనే దానికి నేర్పాను. పిల్లల్ని పెంచినవాళ్లకి ఇది కొత్తకాదు. "అమ్మా" అని మెల్లగా నాలుగుసార్లు పిలిచినప్పుడు ఫోనులోంచి తలెత్తకుండా, ఐదోసారి అరిస్తే "ఎందుకలా అరుస్తావ్" అంటాం.

ఇక్కడ చాలామంది చెప్పే మందు, అసలు పట్టించుకోవద్దని. అరిస్తే వదిలెయ్యండి, అదే మానుతుంది. సగం నిజమే. కానీ గట్టి అరుపుని పట్టించుకోకుండా ఉండి, చిన్న కూతకీ పలకకపోతే అది ఏం చెయ్యాలి? గుంపులో బతికే జీవికి ఎటునుంచీ జవాబు రాకపోవడమంటే ఒంటరిగా దారితప్పిపోవడమే. జవాబే రాని ఇళ్లలో చిలకలు ఈకలు తామే పీక్కుంటాయి. అన్నిటికీ అదే కారణం కాదు, చర్మరోగమూ కావచ్చు, తిండిలోపమూ కావచ్చు, కానీ ఒంటరితనమూ విసుగూ పెద్ద కారణాలు. ఛాతీ అంతా బోడిగా, తలమీద మాత్రం ముక్కు అందక మిగిలిన ఈకలతో ఉన్న ఒక కాకటూ జాతి చిలకని ఆ డాక్టరు వెయిటింగ్ హాల్లో చూశాను. అది ఏమాత్రం అల్లరి చెయ్యడం లేదు. కిక్కురుమనకుండా కూర్చుంది.

నేను చేసింది చిన్నపనే. చిన్న కూత వినబడగానే ఎక్కడున్నా సరే ఈలవేసి జవాబిస్తాను, రెండు స్వరాల ఈల, ఒకటే రకం. గదిలోంచి లేచేముందు "వంటింట్లోకి వెళ్తున్నా బంతీ" అని చెప్తాను. అర్థమవుతుందని కాదు, అదే మాట అదే తీరులో రోజూ వింటే నేను వెళ్లి మళ్లీ వస్తానని దానికి అలవాటు పడుతుంది. గట్టి అరుపుకి మాత్రం లేవను. అది ఊపిరి తీసుకోవడానికి ఆగిన రెండు సెకన్ల ఖాళీలో ఈల వేస్తాను. మొదటి పదిరోజులు నరకం. తగ్గేముందు పెరుగుతుందని డాక్టరు ముందే హెచ్చరించారు, అయినా ఓర్చుకోలేక రెండుసార్లు మధ్యలో పరిగెత్తాను, ఆ రెండుసార్లకీ వారం వెనక్కి పోయాను. అప్పుడప్పుడు ఫలితమిచ్చే అరుపుని మాన్పించడం ఎప్పుడూ ఫలితమిచ్చేదాన్ని మాన్పించడం కంటే కష్టమట, అది అనుభవం మీద తెలిసింది. మూడునెలలు పట్టింది. ఇప్పుడు పగలు ఎక్కువసార్లు 'క్విక్' తోనే సరిపోతుంది. పొద్దున, సాయంత్రం అరుపు అలాగే ఉంది. అది నేను తగ్గించాల్సింది కాదని నా అభిప్రాయం.

స్టీలు చెంచా

ఇక ఆట. పిలుపు సంగతి ఒప్పుకునేవాళ్లు కూడా "మరి వస్తువులు పడెయ్యడమేంటి, అది పొగరు కాదా" అంటారు. మా ఆయనా అదే అనేవారు.

రోజూ సాయంత్రం బంతిని బయట వదిలినప్పుడు డైనింగ్ టేబుల్ మీద నడుస్తుంది. ఏది దొరికితే అది అంచుదాకా తోసుకెళ్లి కింద పడేస్తుంది. పెన్ను, మందుబిళ్లల అట్ట, ఉప్పుడబ్బా మూత. మనం వంగి తీసిపెడితే మళ్లీ పడేస్తుంది. ఒకరోజు ఫోన్ పక్కన పెట్టి ఊరికే చూశాను. ముందు ప్లాస్టిక్ మూత పడేసింది. టప్‌మని చప్పుడు. కిందికి కూడా చూడలేదు, నడుచుకుంటూ వెళ్లిపోయింది. తర్వాత స్టీలు చెంచా. దాన్ని ముక్కుతో ఈడ్చి, అంచు మీద సగం బయటికి వచ్చేలా పెట్టి, ఆగి, ఒక్క పొడుపు. చెంచా గచ్చు మీద పడి ఖణేల్‌మని రెండుసార్లు ఎగిరి సన్నగా మోగుతూ ఆగింది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా బంతి తల పక్కకి వాల్చి ఒక కన్ను కిందికి పెట్టి కదలకుండా విన్నది. నల్లని కనుపాప చిన్నదై పెద్దదై మళ్లీ చిన్నదైంది, చిలకలకి ఉత్సాహం వస్తే కంటిపాప అలా ఆడుతుంది. తర్వాత నా మొహంలోకి చూసింది. చెంచా తీసిపెట్టాను. మళ్లీ అదే. ఏడుసార్లు. ఎనిమిదోసారి కాళ్లు తుడుచుకునే పట్టా మీద పడి చప్పుడు రాలేదు. బంతి కిందికి వంగి చూసి, టేబుల్ ఇంకో వైపుకి నడిచి, అటునుంచి మరో చెంచా వెతకడం మొదలుపెట్టింది.

దాన్ని పొగరంటే ఏమనాలి. వస్తువు పడెయ్యడం కాదు దాని సరదా, మోగించడం. ఆటా గోలా దానికి వేరువేరు కావని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఒక పాత స్టీలు పళ్లెం, నాలుగు చెంచాలు దాని సొత్తు. ఉప్పుడబ్బా జోలికి రావడం దాదాపు మానేసింది.

న్యూజీలాండ్ కొండల్లో కీయా అనే చిలక ఉంది, ఆగిన కార్ల అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పీకేసే అల్లరికి పేరుబడ్డది. వాటికి ఆడుకునేటప్పుడు మాత్రమే చేసే ఒక ప్రత్యేకమైన కూత ఉంది. 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఆ కూతని రికార్డు చేసి, ఊరికే కూర్చున్న కీయాలకి ఐదేసి నిమిషాలు స్పీకరులో వినిపించారు. పిల్లలే కాదు, పెద్దవి కూడా ఆడడం మొదలుపెట్టాయి, తోడు లేనివి ఒంటరిగానే గాల్లో పల్టీలు కొట్టాయి. ఎవరో ఆటకి రమ్మన్నందుకు కాదు, ఆ శబ్దం చెవిన పడగానే ఒంట్లో హుషారు పుట్టినందుకు. మనింట్లో ఒకరు పకపకా నవ్వుతుంటే సంగతి తెలియకపోయినా మనమూ నవ్వుతామే, అలాగన్నమాట. మా పాప స్కూలునుంచి వచ్చి గెంతుతూ పాడుతుంటే బంతి పంజరంలో తలకిందులుగా వేలాడి రెక్కలు టపటపలాడించి కేకలు పెట్టడం చూసినవాళ్లకి ఈ ప్రయోగం వివరించి చెప్పక్కర్లేదు.

తువ్వాలు మీద వెల్లకిలా పడుకుని రెండుకాళ్లతో గుడ్డముక్కని పట్టుకుని దానితో కుస్తీ పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ప్రాణం పోయిందనుకుని నేను అరిచిన అరుపుకి కిందింటివాళ్లు పైకొచ్చారు.

మూగబోయిన రోజు

పోయిన వేసవిలో ఒకరోజు బంతి అరవలేదు. పరదా తీసినా అరవలేదు. మిక్సీకి పలకలేదు. ఎదురింటి పెద్దాయన లిఫ్టులో "ఇవాళ మీ చిలక బుద్ధిగా ఉందే" అని మెచ్చుకున్నారు కూడా. నాకూ ఆ గంటసేపు హాయిగానే అనిపించింది, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పదింటికి దగ్గరికెళ్లి చూస్తే ఈకలు ఉబ్బించుకుని, రెండుకాళ్ల మీదా ఒరిగి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాను, జవాబు లేదు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. ఇంకొక్క రోజు ఆగితే చెప్పలేమన్నారు. పక్షులు జబ్బుని దాచుకుంటాయి, అడవిలో నలతగా కనబడిన పిట్టనే డేగ ఎత్తుకుపోతుంది కాబట్టి. బయటికి కనబడేసరికే ఆలస్యమైపోతుంది. నాలుగోరోజు సాయంత్రం మందు వేసి తిరుగుతుంటే వెనకనుంచి సన్నగా 'క్విక్' అని వినబడింది. గోడకి ఆనుకుని ఏడ్చాను.

దాని గోలని నేను రోజూ ఆరోగ్యం రిపోర్టులా వింటాను ఇప్పుడు. రకాలు తెలిసిపోయాయి కూడా. ఒకసారి ఎప్పుడూ వినని అరుపు, తెగకుండా, గీరినట్టు. విసుక్కుంటూ వెళ్తే బాల్కనీ పిట్టగోడ మీద గద్ద కూర్చుని ఉంది. ఆరోజు నల్లగుడ్డ కప్పి ఉంటే?

కిందింటి అమ్మాయి

ఇంతదాకా చదివి, ఇవన్నీ మీ ఇంట్లో మీ సంగతులు, పక్కింటివాళ్లు ఎందుకు భరించాలి అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. వాట్సాప్‌లో ఆ మెసేజ్ పెట్టింది రెండో అంతస్తులో ఉండే అమ్మాయి. నర్సు. నెలలో సగం నైట్ డ్యూటీ. పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి పడుకుంటుంది, సరిగ్గా నేను చట్నీ వేసే టైము. నేను కిందికెళ్లి మాట్లాడితే తలుపు తీసిన ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "అక్కా, నాకు పిట్టలంటే ఇష్టమే. కానీ మూడురోజుల్నుంచి రెండేసి గంటలే పడుకున్నా. నిన్న సెలైన్ పెడుతుంటే చెయ్యి వణికింది" అంది.

దాని గోల ఎంత సహజమైనదో ఆ అమ్మాయికి వివరించే హక్కు నాకు లేదనిపించింది. చిలక అరవడం దాని తప్పు కాదు, నిజమే. నిద్రలేక చెయ్యి వణకడం ఆ అమ్మాయి తప్పూ కాదు. మధ్యలో ఉన్నది నేను, చెయ్యాల్సింది నేను. చట్నీ రాత్రే చేసిపెట్టడం మొదలుపెట్టాను. నైట్ డ్యూటీ రోజుల్లో పంజరం వెనకగదిలోకి, ఆమె పడగ్గదికి దూరంగా. పొద్దుటి తిండి గిన్నెలో పొయ్యకుండా న్యూస్‌పేపర్ పొట్లాల్లోనూ మొక్కజొన్న పొత్తు తొక్కల్లోనూ చుట్టి ఊచలకి గుచ్చుతున్నాను. కొర్రలూ, క్యారెట్ తురుమూ, మునగాకూ ఒక్కొక్కటీ విప్పుకుని తినేసరికి గంటన్నర పడుతుంది. అడవిలో రోజులో ఎక్కువసేపు తిండి వెతుక్కోవడానికే పట్టే జీవికి, గిన్నెలో పోసి ఐదునిమిషాల్లో ముగించేస్తే మిగతా రోజంతా ఏం చెయ్యాలి? ముక్కుకి పనుంటే గొంతుకి తీరిక ఉండదు, ఇది మాత్రం ఖాయంగా చెప్పగలను. రాత్రిపూట పదకొండు గంటలపాటు నిద్ర తప్పనిసరి చేశాను, నిద్ర చాలని చిలక చిరాకుపడ్డ పసిపిల్లతో సమానం.

ఇంత చేసినా సమస్య పూర్తిగా తీరలేదు. ఫ్లాటులో సన్ కాన్యూర్ అంటే కొంత గోల తప్పదు. అందుకే "మీ చిలక ఎంత ముద్దుగా ఉందో, మేమూ తెచ్చుకోవాలనుకుంటున్నాం" అని ఫోటో చూసి అడిగేవాళ్లకి ఫోటో కాదు, సాయంత్రం ఆరింటికి రికార్డు చేసిన ఆడియో పంపిస్తున్నాను. ఎక్కువమంది తర్వాత ఆ మాటెత్తలేదు. చిలక రాకపోవడమే వాళ్లకీ దానికీ మంచిది.

మాటలొచ్చా?

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మొదట అడిగేది, "మాటలొచ్చా?" అని. సన్ కాన్యూర్లకి మాటలు పెద్దగా రావు. బంతికి వచ్చిందల్లా 'దా' అనిపించే ఒక ముక్క, అదీ మేము అనుకుంటే. రావంటే మొహాలు వాడిపోతాయి. మాట్లాడితే ముద్దు, తన గొంతుతో తను అరిస్తే గోల. మన భాషలోనే చూడండి, పసిపిల్లల ముద్దుమాటల్ని చిలకపలుకులంటాం, అర్థం తెలియకుండా అప్పజెప్పేవాణ్ణి చిలకలా వల్లిస్తున్నాడంటాం. మెచ్చుకున్నా తీసిపారేసినా రెండుచోట్లా ఉన్నది మన మాటే, చిలక సొంత గొంతు ఎక్కడా లేదు. ఎర్రముక్కు, పచ్చరెక్క, జామచెట్టు, అన్నీ వర్ణించుకున్నాం. చిలక కొట్టిన కాయ తీపని కూడా కనిపెట్టాం. అది ఏం అరుస్తుందో మాత్రం పట్టించుకున్నట్టు లేము.

మా అమ్మ మాత్రం బంతితో ఈ పేచీలేవీ పెట్టుకోలేదు. ఆమె అభ్యంతరం ఇంకా లోతైనది. వచ్చిన మొదటిసారే పంజరం చూసి గుమ్మంలో ఆగిపోయింది. "రామదాసు పోయిన జన్మలో చిలకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట, అందుకే గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లు పడున్నాడు. నీకెన్నేళ్లే?" అంది. చిన్నప్పుడు భద్రాచలం వెళ్లిన ప్రతిసారీ విన్న కథే. నవ్వేద్దామనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

నా దగ్గర దానికి గట్టి జవాబు లేదు. మన రామచిలకని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బంతి విదేశీజాతి, ఇక్కడే పంజరంలో పుట్టింది, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదూ చేయించాను. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ వీటి సొంత అడవుల్లో సన్ కాన్యూర్లు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి, అందుకు పెద్ద కారణం పంజరాల కోసం పట్టుకెళ్లడమే. ఇప్పుడు తలుపు తీసి వదిలేస్తే మా బంతికి తిండి వెతుక్కోవడం రాదు, కాకులు బతకనివ్వవు. వదిలెయ్యలేను, ఉంచుకోవడం సరైనదని గుండెమీద చెయ్యేసుకుని చెప్పనూలేను. పాతికేళ్లు బతుకుతాయివి. ఆ పాతికేళ్లూ అది "ఉన్నావా" అని అడిగినప్పుడు పలకడం మాత్రం నా చేతిలో ఉంది. అమ్మకి అదే చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, కాసేపయ్యాక పంజరం దగ్గరికెళ్లి జామకాయ ముక్క అందించింది. బంతి తీసుకుంది.

కిందింటి అమ్మాయి ఇప్పుడు డ్యూటీ మారిన రోజు మెసేజ్ పెడుతుంది. ఇవాళ పొద్దున్నే వచ్చింది, "అక్కా, ఈ వారం డే డ్యూటీ. అరవనివ్వండి" అని. బంతిని బాల్కనీ పక్కకి తెచ్చి పరదా తీశాను. ఆరుంపావు అయింది. మొదలుపెట్టింది.